కొట్టివేతలు లేని నాలుగు కాగితాలు

టీవీలో వారం వారం వచ్చే మా నేరాల సీరియల్ మీరు చూస్తుంటే, ఉత్తరాలక్క చేతిరాత మీరు చూసే ఉంటారు. అది ఆవిడదని మీకు తెలియదు, అంతే. హంతకుడు పోలీసులకి పంపిన బెదిరింపు కాగితం, పెట్టెలో చొక్కాల కింద దొరికిన పాత ప్రేమలేఖ, దిండు కింద పెట్టిన ఆఖరి ఉత్తరం, డాక్టరు మందుల చీటీ, చచ్చిపోయిన ముసలాయన డైరీ, అన్నీ ఆవిడ రాసినవే. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. ప్రాపర్టీ డిపార్ట్‌మెంట్ అంటే కుర్చీలూ కత్తులూ మోసే చోటు అనుకుంటారు జనం. అందులో ఒక మూల ఒక బల్ల ఉంటుంది. బల్ల మీద డజనున్నర పెన్నులు, కాగితాన్ని పాతదిగా చెయ్యడానికి టీ డికాషన్ పోసిన పళ్ళెం, బల్ల వెనక ఈవిడ.

నేను ఆ సీరియల్ ఎడిటర్ని. మా ఇద్దరికీ ఏళ్ళ తరబడి ఒకటే పేచీ. ఆవిడ నాలుగు పేజీలు రాస్తుంది, నేను రెండు సెకన్లు చూపిస్తాను. "వాడి గుండెకోతంతా పోసి రాశానురా, నువ్వు ‘ప్రియమైన’ దగ్గరే కోసేశావు" అని మీదపడేది. "నీ హంతకులు మరీ వాగుడుకాయలక్కా, చంపడానికి వాళ్ళకి టైమెక్కడిది?" అనేవాణ్ణి నేను. ఆవిడకి ముక్కు మీద కోపం, నాకు నోటి దురుసు. బహుశా అందుకే కుదిరింది.

ఒకసారి ఆవిడ రాసిన ప్రేమలేఖ చదివి హీరోయిన్ కళ్ళనీళ్ళు పెట్టుకుని, దాన్ని ఇంటికి తీసుకెళ్ళొచ్చా అని అడిగింది. "తీసుకెళ్ళమ్మా, కానీ రేపు పొద్దున్న షాట్ ఉంది, మడత పడకుండా పట్టుకురా" అంది అక్క. అదీ మనిషి.

పనిలో ఆవిడకో పట్టుదల ఉండేది. ఏ ఉత్తరమైనా కొట్టివేతలతో రాసేది. డైరెక్టర్లు విసుక్కునేవాళ్ళు, తెర మీద శుభ్రంగా కనిపించాలి కదా అని. ఆవిడ వినేది కాదు. "సొంతంగా రాసేవాడు తడబడతాడు. ఒక మాట రాస్తాడు, నచ్చదు, కొట్టేస్తాడు, ఇంకోటి రాస్తాడు. గడగడా రాసుకుపోయాడంటే వాడు ఎక్కడో ఉన్నది చూసి ఎక్కిస్తున్నాడన్నమాట" అనేది. ఇంకో అలవాటు, తన బల్ల మీదికొచ్చిన ప్రతి కాగితం మూలనా తేదీ ముద్ర కొట్టడం. తను రాసినదైనా సరే, పక్కవాళ్ళు ఇచ్చినదైనా సరే.

ఆవిడ భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. ఒక్కతే కూతురు, పదిహేడేళ్ళు. చిన్నప్పుడు బడి అయిపోగానే నేరుగా స్టూడియోకొచ్చి తల్లి బల్ల కింద కూర్చుని హోంవర్క్ చేసుకునేది. నన్ను కత్తెర మావయ్య అని పిలిచేది. కుదురుగా కూర్చున్న పాపాన పోయేది కాదు. ఆ పిల్ల ఈమధ్య రావడం మానేసింది. అడిగితే, పరీక్షల ఏడాది కదా అంది అక్క. నేనూ సరే అనుకున్నాను. పిల్లలు పెద్దవుతారు, మనల్ని చూస్తే విసుగేస్తుంది, అందులో వింతేముంది?

ఇంతలో ఉత్తరాల కాలం పోయింది. ఇప్పుడు హంతకులు కూడా మెసేజ్‌లే పెడతారు. కథలో కాగితం ఉండాల్సిన ప్రతిచోటా ఫోను వచ్చి కూర్చుంది. అక్కకి అది నచ్చలేదు. "అందరిదీ ఒకటే చేతిరాతైతే ఇంక మనిషిని ఎలా పట్టుకుంటాం?" అని గొణిగేది. అయినా నేర్చుకుంది. ముందు మెసేజ్‌లన్నీ గీతల కాగితం మీద పెన్నుతో రాసేది, ఒక్కో మనిషికి ఒక్కో రంగు సిరా. తర్వాత గ్రాఫిక్స్ అతను వాటిని ఫోను తెర మీద ఎక్కించేవాడు.

అప్పుడొచ్చింది ఈ ఎపిసోడ్. ఒకమ్మాయి కనబడకుండా పోతుంది. పోలీసామె ఆ అమ్మాయి ఫోను తెరిస్తే అందులో ఒక గ్రూపు. ఒకరి ముఖం ఒకరు చూడని పిల్లలు, ఒకర్నొకరు గోతిలోకి నెట్టుకునే గ్రూపు. అలాంటివి నిజంగా ఉన్నాయని పేపర్లలో చదివి మా రచయిత కథ చేశాడు. చేశాడు గానీ అసలు చోట చేతులు దులిపేసుకున్నాడు. స్క్రిప్టులో రాసింది ఇది: పోలీసామె గ్రూపులో మెసేజ్‌లు చదువుతుంది, చూసేవాళ్ళకి ఒళ్ళు జలదరించాలి. అంతే. జలదరింపు బాధ్యత అక్కది.

అక్క రెండు రోజులు కష్టపడి రాసింది. డైరెక్టరు నాలుగు లైన్లు చదివి కాగితం బల్ల మీద పడేశాడు. "వీళ్ళు పిల్లలా, రిటైరైన హెడ్మాస్టర్లా? ‘ఈ లోకం నిన్ను అర్థం చేసుకోదు నేస్తమా’ అని ఏ పిల్లాడు అంటాడక్కా?" అన్నాడు. నేను నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది. ఆవిడ ముఖం ముడుచుకుని కాగితాలు తీసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం కూతుర్ని అడిగిందట. "మీ పిల్లలు ఎలా మాట్లాడుకుంటారో నాకేం తెలుసే? నాలుగు ముక్కలు రాసిపెట్టు" అని. ఆ పిల్ల చాలాసేపు తల్లి ముఖం చూసి, కాగితాలు ఎన్ని కావాలని అడిగిందట. అక్క నాలుగు ఇచ్చి వంటగదిలోకి వెళ్ళింది. గంట తర్వాత వచ్చేసరికి నాలుగూ నిండి, బల్ల మీద పెట్టి ఉన్నాయి. కూతురు పక్కనే నిలబడి ఉంది. అక్క నిలబడే చదివి, "అబ్బ, ఎంత బాగుందే!" అంది. ఆ పిల్ల లోపలికి వెళ్ళి పడుకుంది.

మర్నాడు యూనిట్ మొత్తం ఆ కాగితాల చుట్టూ మూగింది. నేను కొంచెం ఇక్కడ ఎక్కిస్తాను. గ్రూపు పేరు తేలిక. పదకొండు మంది.

పెద్దన్న: ఈ వారం ఎవరు?
పావురం: నా ఫ్రెండ్. ఆరో క్లాసు నుంచి.
పెద్దన్న: ఆఖరి మెసేజ్ పెట్టు బంగారం.
పావురం: "నీ గొడుగు మెట్ల మీద పెట్టాను, తీసుకెళ్ళు. ఇక నాతో మాట్లాడకు."
వానచుక్క: చేతులు వణికాయా?
పావురం: కొంచెం.
నిశ్శబ్దం: మా కుక్కకి జ్వరం. రేపు రాను.
పెద్దన్న: ఇప్పుడెలా ఉంది పావురం?
పావురం: తేలిగ్గా.
పెద్దన్న: చూశావా. బరువంతా మనుషులదే. ఇంకెంతమంది?
పావురం: ఇద్దరు.
పెద్దన్న: మేం ఉన్నాంగా.

నాలుగు కాగితాలూ ఇదే ధోరణి. ఆఖరి కాగితంలో అదే ప్రశ్నకి పావురం జవాబు, ఒక్కరు. తిట్టు లేదు, బెదిరింపు లేదు. వారానికొక మనిషిని వదిలించుకోవాలి, వదిలించుకున్నట్టు రుజువు చూపించాలి. అందరూ శభాష్ అంటారు. ఎవరూ మిగలనివాళ్ళు పూర్తిగా తేలికైపోతారు. ఆ తర్వాత వాళ్ళ పేరు ఆ గ్రూపులో ఎవరూ ఎత్తరు. పదకొండు మందిలో అప్పటికే ఇద్దరి పేర్లు అలా ఆగిపోయాయి.

చదవడం అయ్యాక డైరెక్టరు అక్కని ఆకాశానికెత్తేశాడు. "నేను కాదు బాబూ, మా అమ్మాయి" అని ఆవిడ పొంగిపోయింది. "పిల్ల ఎక్కడ పట్టుకుందక్కా ఇంత సహజంగా?" అన్నాను నేను. నేనూ అన్నాను. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ నాకు నామీదే ఒళ్ళు మండుతుంది.

షూటింగ్ అయిపోయింది. శుక్రవారం రాత్రి ఎనిమిదింటికి ప్రసారం. గురువారం సాయంత్రం నాలుగింటికల్లా ఎపిసోడ్ ఛానెల్‌కి చేరాలి. గురువారం పొద్దున్న పదింటికి అక్క ఫైలు పట్టుకుని నా ఎడిటింగ్ గదికొచ్చింది. అది రివాజు. తెర మీద కనిపించే ప్రతి అక్షరాన్నీ అసలు కాగితంతో పోల్చి చూసుకుంటే గానీ ఆవిడకి నిద్ర పట్టదు. నేను సీను తిప్పుతున్నాను, ఆవిడ వేలు కాగితం మీద కదులుతోంది.

"ఆగు. కుక్క ఏది?" అంది.

"ఏ కుక్కక్కా?"

"మా కుక్కకి జ్వరం అని ఉండాలి ఇక్కడ."

"నేనే తీయించాను. కథకి అక్కర్లేదు కదా."

"అవును, అక్కర్లేదు" అంది అక్క. వేలు అక్కడే ఆపి, "మరి అక్కర్లేనిది అదెందుకు రాసింది?" అని అడిగింది.

నేను భుజాలు ఎగరేశాను. ఆవిడ నన్ను అడగలేదు నిజానికి. కాగితాన్ని దీపం కిందికి లాక్కుంది. ఒకటి తిప్పింది, రెండోది తిప్పింది. నాలుగూ బల్ల మీద పక్కపక్కన పరిచింది. వేలితో ఒక్కో లైనూ మళ్ళీ మొదట్నుంచి తడుముతూ వెళ్ళింది, ఏదో పడేసుకున్న మనిషిలా.

"ఏం వెతుకుతున్నావక్కా?"

"కొట్టివేత" అంది. "ఒక్కటీ లేదురా. నాలుగు పేజీలు, పదకొండు మంది. ఒక్క మాట కూడా కొట్టెయ్యలేదు."

నాకు అర్థం కావడానికి రెండు క్షణాలు పట్టింది. అర్థమయ్యాక చేతిలో టీ కప్పు కింద పెట్టాను.

"ఊరికే కంగారుపడకు. తెలివైన పిల్ల, గబగబా రాసి ఉంటుంది" అన్నాను. నా మాట నాకే అతకలేదు.

"గొడుగు" అంది అక్క. "ఆకుపచ్చ గొడుగు. నెలన్నర కిందట మా మెట్ల మీద ఉంది. ఎవరో మర్చిపోయారని నేనే లోపల పెట్టాను. తర్వాత మా అమ్మాయి స్నేహితురాలు వచ్చింది. గొడుగు చేతికిచ్చాను. ఆ పిల్ల ఏడుస్తోంది. తను లేదా ఆంటీ అని అడిగింది. ఇది లోపలే ఉంది, లేనని చెప్పమంది. పిల్లల గొడవలే అనుకున్నాను."

ఇరవై సార్లు చదివింది ఆ లైను. షూటింగులో పక్కన నిలబడి పోలీసామె వేషం వేసినావిడకి ఎక్కడ ఆగాలో కూడా చెప్పింది. దొంగ ఉత్తరాల్ని నిజంలా కనిపించేట్టు చెయ్యడం తప్ప వేరే ఆలోచన లేని మనుషులం మేం. నిజం ఎదురుగా వచ్చి కూర్చుంటే, ఎంత బాగా చేశారో అనుకున్నాం.

"ఇంకెంతమంది అంటే ఒక్కరు అంది కదా" అన్నాను.

"మా ఇంట్లో ఉండేది ఇద్దరమేరా."

నాలుగో కాగితం అడుగున పెద్దన్న మాట ఒకటుంది. ఒక్కరు మిగిలాక ఎక్కువ రోజులు పెట్టుకోకూడదు, మూడు వారాలు చాలు అని. సీనుకి గడువు ఉంటే ఉత్కంఠ బాగా పెరుగుతుందని డైరెక్టరు దానికింద ఎర్ర గీత గీశాడు. అక్క చూపు ఆ గీత మీంచి కాగితం మూలకి జరిగింది. అక్కడ తను కొట్టిన తేదీ ముద్ర. నేను గోడ మీద క్యాలెండరు చూశాను. ఇవాళ్టికి సరిగ్గా మూడు వారాలు.

ఫోను చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేసింది. మూడోసారి నేనే నొక్కి ఇచ్చాను. ఎత్తలేదు. పొద్దున్న బయల్దేరుతుంటే, ఇవాళ క్లాసులు లేవు, పడుకుంటానమ్మా అందట.

తలుపు దగ్గర డైరెక్టరు ఎదురయ్యాడు. "ఎక్కడికయ్యా? నాలుగింటికి పంపాలి!"

"ఆ మెసేజ్‌లు కల్పించినవి కాదండీ" అన్నాను. "అలాంటి గ్రూపు ఉంది. ఆ పిల్ల అందులో ఉంది."

"అందుకేనా అంత బాగా వచ్చింది!" అన్నాడు. అన్నాక తను ఏమన్నాడో తనకే తెలిసి నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయాడు. ఆయన చెంప ఛెళ్ళుమనిపించాలనిపించింది. కానీ మూడు వారాల కిందట నేనన్నదీ అదే మాట. పక్కకి తప్పించుకుని మెట్లు దిగాను.

నా స్కూటరు మీద పావుగంట దారి. ఆవిడ వెనక కూర్చుని నా చొక్కా గుప్పిట్లో పట్టుకుంది. ఫైలు ఒళ్ళో ఉంది. సిగ్నల్ దగ్గర ఆగితే, "ఆ సీను తీసెయ్యి" అంది. "అక్షరం పొల్లుపోకుండా వాళ్ళ మాటలే. రేపు టీవీలో చూస్తే ఎవరు బయటపెట్టారో వాళ్ళకి తెలిసిపోతుంది." తీసేస్తానన్నాను. మా కథలో పోలీసామె చేరేసరికి ఆలస్యమైపోతుంది. డైరెక్టరుకి ఆలస్యాలంటే ఇష్టం, జనం ఏడుస్తారని. దారంతా నాకు ఆ సీనే కళ్ళ ముందు తిరిగింది. నేనే ఎడిట్ చేశాను దాన్ని, తలుపు తోసే షాట్‌ని కావాలని రెండు సెకన్లు సాగదీసి.

మూడో అంతస్తు. అక్క దగ్గర తాళంచెవి ఉంది గానీ లోపల గడియ పెట్టి ఉంది. తట్టింది. పిలిచింది. జవాబు లేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. తలుపు బద్దలు కొడదామని భుజం ఆనించాను. అప్పుడు లోపల కాళ్ళ చప్పుడు వినబడింది. తలుపు దాకా వచ్చి ఆగింది.

"వెళ్ళిపో అమ్మా" అంది లోపల్నుంచి. గొంతులో ఏడుపు లేదు, కోపం లేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. "ఆఫీసుకెళ్ళు. నాకేం కాలేదు."

నేను మళ్ళీ తలుపు నెట్టబోతే అక్క చెయ్యి అడ్డం పెట్టింది. గడప ముందు నేల మీద కూర్చుంది. ఫైలు తెరిచి మొదటి కాగితం తీసింది. చదవడం మొదలుపెట్టింది, పైకి, తలుపుకి నోరు దగ్గరగా పెట్టి.

"పెద్దన్న: ఈ వారం ఎవరు. పావురం: నా ఫ్రెండ్, ఆరో క్లాసు నుంచి..." అంతవరకు చదివి ఆగింది. "అది వచ్చిన రోజు నేను నీకు ఒక సంగతి చెప్పలేదు చిన్నా. గొడుగు పట్టుకుని మన మెట్ల మీద అరగంట కూర్చుంది. ఏడ్చింది. నీతో చెప్పాల్సింది, వంటలో పడి మర్చిపోయాను."

అక్క మళ్ళీ చదివింది. రెండో కాగితంలో పావురం ఒక మావయ్యని వదిలించుకుంటుంది. పోయిన నెల పుట్టినరోజుకి తెచ్చిన పుస్తకాలు తిరిగి ఇచ్చేస్తూ, మా ఇంటికి రావద్దంటుంది. అక్క నావైపు చూసింది. నాకు అప్పటిదాకా తట్టలేదు. ఆ పుస్తకాలు తెచ్చింది నేనే. నవ్వుతూ తిరిగి ఇచ్చేసింది, చదివేశాను మావయ్యా, ఇక మీరు మా ఇంటికి రాకండి అంది. పిల్లల వేళాకోళం అనుకున్నాను. ఇప్పుడు ఆ మెట్ల మీద నిలబడి, పెద్దవాణ్ణి, గోడవైపు తిరిగి ఏడ్చాను. నన్ను ఒక వారం పని కింద లెక్క చూపించుకుంది ఆ పిల్ల, వాళ్ళు శభాష్ అన్నారు.

మూడో కాగితం. నాలుగోది. అక్క గొంతు బొంగురుపోయింది గానీ ఆపలేదు. చివరికొచ్చింది.

"ఇంకెంతమంది. ఒక్కరు." కాగితం కింద పెట్టింది. "ఆ ఒక్కరు నేనే కదే. ఇక్కడే కూర్చున్నాను. సాయంత్రమైనా, రేపైనా లేవను. నువ్వు పొమ్మంటే పోయేదాన్ని కాను నేను, నీకు తెలుసు. నీకు రాయడం వచ్చు, మీ అమ్మకి చదవడం రాలేదు. ఇప్పుడు చదివాను."

ఎంతసేపో చెప్పలేను. పై అంతస్తులో ఎవరో బకెట్ ఈడ్చుకెళ్ళారు. నా ఫోను జేబులో మూడుసార్లు మోగింది, డైరెక్టరే అయ్యుంటాడు. తర్వాత గడియ తీసిన చప్పుడు. తలుపు బెత్తెడు తెరుచుకుంది. అక్క లేవలేదు, లేచే ఓపిక లేదేమో, కూర్చున్నచోటు నుంచే చెయ్యి చాచింది. ఆ సందులోంచి పిల్ల తన ఫోను ఆవిడ చేతిలో పెట్టింది. అక్క దాన్ని చూసింది. తెర మీద ఏముందో నాకు కనబడలేదు. ఆవిడ ఫోను పక్కన పెట్టి, తలుపు తోసుకుని లోపలికి పాక్కుంటూ వెళ్ళి, కూతురి కాళ్ళు రెండూ చుట్టేసి పట్టుకుంది. నేను తలుపు దగ్గరికి వేసి బయట మెట్ల మీద కూర్చున్నాను.

తర్వాత జరిగినవన్నీ పనులు. మధ్యాహ్నం ముగ్గురం సైబర్ పోలీసుల దగ్గరికి వెళ్ళాం. అక్కడి ఆఫీసరమ్మ, మా సీరియల్లో ఆవిడంత అందంగా ఉండదు గానీ, పిల్లతో రెండు గంటలు ఒక్క విసుగు మాట లేకుండా మాట్లాడింది. ఫోను తీసుకుంది. నాలుగు కాగితాలు కూడా తీసుకుంది. పాత మెసేజ్‌లు వాళ్ళు చెరిపేస్తూ ఉంటారట, పిల్లకి మాత్రం అన్నీ కంఠతా వచ్చు. వానచుక్క వారంలో దొరికింది. పదమూడేళ్ళు, బతికే ఉంది. పెద్దన్న సంగతి అడిగితే విచారణ నడుస్తోందంటారు.

ఛానెల్‌ని రాత్రిదాకా గడువు అడిగి, సీను నేను కోసేశాను. ఫోను తెర ఒక్క క్షణం కూడా కనబడనివ్వలేదు. చదువుతున్న పోలీసామె ముఖం నలభై సెకన్లు, వెనక ఫ్యాను చప్పుడు, అంతే. డైరెక్టరు ఆ సాయంత్రం పక్కన కూర్చుని, అయ్యాక నా భుజం తట్టి వెళ్ళిపోయాడు. చూసినవాళ్ళెవరూ ఆ ఎపిసోడ్ గురించి ఏమీ అనలేదు. ఉన్నమాట చెప్పాలంటే నాకు కొంచెం ఉక్రోషం కూడా వచ్చింది.

అక్క నెలరోజులు సెలవు పెట్టింది. పిల్లని వారానికి రెండుసార్లు డాక్టరు దగ్గరికి తీసుకెళ్తోంది. ఒకరోజు తింటుంది, ఒకరోజు తినదు. ఒకరోజు నన్ను చూసి మావయ్యా అంటుంది, ఇంకోరోజు ముఖం తిప్పుకుంటుంది. గొడుగు పిల్ల మాత్రం రోజూ వచ్చి, మాట్లాడినా మాట్లాడకపోయినా పక్కన కూర్చుని వెళ్తుంది. అంతా బాగైపోయిందని నేను చెప్పను. నాకు తెలియదు.

పోయిన ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. అక్క బాల్కనీలో బట్టలు ఆరేస్తోంది. నేను క్లిప్పులు అందిస్తున్నాను. ఇన్నాళ్ళూ అడగనిది అడిగాను. "ఆ రోజు ఫోన్లో ఏముందక్కా?"

ఆవిడ దుప్పటి అంచు సవరించింది. "నాకు పంపాల్సిన ఆఖరి మెసేజ్. టైపు చేసి ఉంచింది. నేను ఫోను చేసేటప్పటికి చేతిలోనే పెట్టుకుని కూర్చుందట, పంపలేక."

"ఏమని రాసింది?"

"‘నువ్వు చదివావు. బాగుందన్నావు. ఇక నాతో మాట్లాడకు.’"

నా చేతిలో క్లిప్పు ఉంది. ఇవ్వడం మర్చిపోయాను.

"లోకంలో లేనివాళ్ళందరి తరఫునా ఉత్తరాలు రాశానురా ఇన్నేళ్ళు" అంది. "నాకంటూ వచ్చింది ఒకటే. నాలుగు పేజీలు. పక్కన నిలబడి మరీ ఇచ్చింది. నేను దాన్ని పట్టుకెళ్ళి ఆఫీసులో ఇచ్చేశాను."

లోపల్నుంచి "అమ్మా" అని పిలుపు వినబడింది. మామూలు పిలుపే, ఏదో కనబడక పిలిచినట్టుంది. అక్క తడి దుప్పటి నా చేతుల్లో పడేసి పరుగెత్తింది.